ఆళ్ళగడ్డ మిద్దె మీద ఎండిన గంజి

ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నాక మా బంధువుల పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇన్నేళ్ళు ఆ మిల్లులో నువ్వేం చేసినావత్తా?" అట్ట తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూశానని చెబుతాను. నవ్వుతారు. నవ్వండి నాయనా. మీరు ఫోన్లో ఒక్కసారి నొక్కి తెప్పించుకునే ప్రతి వస్తువూ ఒక అట్టపెట్టెలో వస్తుంది. అది దారిలో చితికిపోకుండా మీ గుమ్మం దాకా వచ్చిందంటే, ఎక్కడో నాలాంటి నోరున్న మనిషి "ఈ రీలు పనికిరాదు, వెనక్కి పంపండి" అని ఎవరితోనో పోట్లాడి ఉంటుంది. నేను చేసిన పని అదే. ల్యాబు, కొలతలు, యంత్రాలు అన్నీ ఆ పోట్లాటకు సాక్ష్యాలు మాత్రమే.

వాటిలో చాలావాటిని మరిచిపోయాను. ఒకటి మాత్రం మీకు చెప్పదగ్గది.

మా మిల్లు నంద్యాల ఊరి బయట ఉండేది. రైతులు పొలాల్లో వేసిన సుబాబుల్, జామాయిలు కర్ర లారీల్లో వచ్చేది. దాన్ని ముక్కలు కొట్టి, ఉడకబెట్టి, గుజ్జు చేసి, ఆ గుజ్జుతో అట్ట తీసేవాళ్ళం. గుజ్జు దాకా అందరికీ తెలిసిన పనే. ఆ గుజ్జును ఇంకా ముందుకు తీసుకుపోవాలన్న పిచ్చి మాత్రం మా మిల్లులో ఒక్కరికే ఉండేది.

ఆయన మా సీనియర్ కెమిస్టు. తండ్రి మిషన్ బడిలో అయ్యవారు. ఆదివారం చర్చిలో పాడిన పాటలనే మిగిలిన రోజులన్నీ తన యంత్రం పక్కన నిలబడి పాడేవాడు. శ్రుతి ఉండేది కాదు. యంత్రం రొద ఎక్కువ కాబట్టి మాకు పెద్ద నష్టమూ ఉండేది కాదు. ఆ యంత్రం చేసే పని గురించి ఆయన కొత్తగా వచ్చినవాళ్ళకు ఇలా చెప్పేవాడు: "కర్రలోని ఒక్కొక్క పోగూ ఒక మోకు అనుకోండి. మోకును విప్పితే పురులు. పురిని విప్పితే నారలు. నారను కూడా విప్పుతూ పోతే ఏముంటుందో చూడాలని ఎవరికైనా ఉంటుందా లేదా?" ఉండదు సార్, అన్నం తినాలని ఉంటుంది అనేదాన్ని నేను. ఆయన వినేవాడు కాదు. విపరీతమైన ఒత్తిడితో గుజ్జును సన్నటి సందులోంచి తోసి, పోగును చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చి, మామూలు మైక్రోస్కోపుకు కూడా చిక్కనంత సన్నటి ఈనెలుగా విడదీసేవాడు. దాన్నే నానోసెల్యులోజ్ అంటారు. పేరు అంత గొప్పగా ఉంటుంది గానీ, యంత్రం చివర బక్కెట్టులో పడేది చూస్తే చల్లారి గడ్డకట్టిన అన్నం గంజిలా ఉండేది. అందుకే నేను ఆయనకు గంజిసారని పేరు పెట్టాను. ఆ పేరు నాదేనని ఆయనకు తెలుసు. "నువ్వు పేరన్నా పెట్టినావు మేడమ్, మేనేజరు దాని మొహం కూడా చూడలేదు" అన్నాడొకసారి.

మొదట్లో నేను దాన్ని నమ్మలేదు. ఒకరోజు ఆయన ల్యాబులోకి వచ్చి నా బల్ల మీద అరచేతిలో పట్టేంత రేకు ఒకటి పెట్టాడు. ఆ గంజినే పలచగా పరిచి ఆరబెట్టి తీసిందట. ఉల్లిపొర లాగా, అవతల ఉన్నది కనబడేటట్టు ఉంది. "చింపు" అన్నాడు. అది కాగితమే కదా అని రెండు వేళ్ళతో లాగాను. తర్వాత రెండు చేతులతో. తర్వాత, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, పళ్ళతో. చిరగలేదు. లాగుడు బలం కొలిచే యంత్రానికి తగిలించాను. వచ్చిన అంకె చూసి యంత్రమే అబద్ధం చెబుతోందనుకుని, దాన్ని సరిచూసుకుని మళ్ళీ పెట్టాను. అదే అంకె. సుబాబుల్ కర్ర! మేకలు మేసే చెట్టు. పొయ్యిలో పెట్టడానికి కూడా మా అమ్మ వంక పెట్టే కర్ర. దాని లోపల ఇంత బలం ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చుందంటే నాకు నిజంగా ముచ్చటేసింది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. "బాగుంది సార్" అన్నాను, అంతే. అది కూడా ఎక్కువే అన్నట్టు చూశాడు.

ఇక ఆ రోజు నుంచి మాకు రోజూ వాదనే. రంగుల్లో వేస్తే రంగు కారదంటాడు. సిమెంటులో వేస్తే పగుళ్ళు తగ్గుతాయంటాడు. పండు మీద పూస్తే నిలవుంటుందంటాడు, ప్లాస్టిక్ కవరుకు బదులు వాడొచ్చంటాడు, పుండు మీద పట్టీగా కూడా వేస్తారంటాడు. ఆయన చెబుతుంటే లోకంలో ఈ గంజి పడని వంటే లేదనిపించేది. నేను ఒకటే అడిగేదాన్ని: "డ్రమ్ము నిండా నీళ్ళు, అందులో పిడికెడు సరుకు. పైగా కరెంటు తాగుతుంది. ఎవరు కొంటారు సార్? గొప్ప వస్తువు వేరు, అమ్ముడుపోయే వస్తువు వేరు." ఆయన ఊరుకునేవాడు కాదు. "అయితే అమ్మే దారి వెతుకు. నాతో కొట్లాడడం మాను." రెండూ చేస్తానన్నాను. చేశాను కూడా.

ఎందుకంటే అప్పటికి మేనేజరు మాట తేల్చేశాడు. ఈ మామిడి సీజను ముగిసేలోపల ఆ గంజిని అడిగి కొనేవాడు ఒక్కడు రాకపోతే యంత్రాన్ని పాత ఇనుముకు అమ్మేస్తారు. షెడ్డు రీళ్ళు పెట్టుకోవడానికి వాడతారు. గంజిసారు మురుగునీళ్ళ గుంటల దగ్గర ఇన్‌ఛార్జిగా పోవాలి. జీతం తగ్గదు, కుర్చీ ఉంటుంది, దుర్వాసన ఒక్కటే అదనం. ఆ మాట విన్నాక ఆయన ఒక వారం పాడలేదు. ఆ వారమంతా ల్యాబులో మాకు పని సాగలేదంటే నమ్మండి. శ్రుతి లేని పాటకు కూడా చెవులు అలవాటు పడతాయి.

ఆళ్ళగడ్డలో అట్టపెట్టెలు చేసే ఒకామె నాకు తెలుసు. తెలుసంటే, మా మిల్లు రీళ్ళను వెనక్కి పంపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. తండ్రి పెట్టిన యూనిట్టును ఆమె నడిపేది. ముస్లిం కుటుంబం. చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అనే పిలిచేవాళ్ళు, అంటే అక్క. రాతి శిల్పులు పనిచేసే కొట్ల పక్కనే ఆమె షెడ్డు. రోజంతా ఉలి దెబ్బలు వినీ వినీ ఆమె గొంతు కూడా ఆ స్థాయికి పెరిగింది. ఫోన్లో ఆమె మాట్లాడుతుంటే నేను రిసీవరు బల్ల మీద పెట్టి పని చేసుకునేదాన్ని.

ఆమెకూ అప్పుడొక తలనొప్పి ఉంది. బనగానపల్లె మామిడి షావుకారు ఒకాయన ఆమె దగ్గర పెట్టెలు తీసుకునేవాడు. ఉత్తరాదికి పోయే లారీల్లో కింది వరస పెట్టెలు కుంగి కాయలు నలుగుతున్నాయని, ఈ ఏడు ఇంకెక్కడైనా చూసుకుంటానని ఆయన బెదిరిస్తున్నాడు. ఆయన పోతే ఆమె సీజను పోయినట్టే. పెట్టెలు అతికించే జిగురులో మా గంజి కలిపి, పైకాగితం మీద కూడా ఒక పూత పూసి, తడి తగలకుండా దాని మీద పలచగా మైనం వేస్తే పెట్టె నిలబడుతుందని గంజిసారు లెక్క చెప్పాడు. ఆపా ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఒక మాట అంది: "మీ నంద్యాల నీళ్ళకు నేనెందుకమ్మా టెంపో బాడుగ కట్టాల? మా ఆళ్ళగడ్డలో నీళ్ళు కరువొచ్చినాయా?" నా వాదనే. నా నోట వస్తే తెలివిగా ఉండింది, ఆమె నోట వస్తే ఒళ్ళు మండింది.

డ్రమ్ములు ముందుగా టెంపోలో పోయాయి. కొత్త పెట్టెలను పరీక్షించడానికి షావుకారు వచ్చే రోజుకు ముందురోజు నేనూ గంజిసారూ బస్సెక్కాం. శిరివెళ్ళ దాటేసరికే ఎండ కిటికీ ఊచలు పట్టుకోనివ్వడం లేదు. ఆయన హుషారుగా ఉన్నాడు. జిగురు ఎంత చిక్కగా ఉండాలో, పూత ఎంత పలచగా ఉండాలో దారి పొడుగునా నాకు చెబుతూ వచ్చాడు. మళ్ళీ పాట మొదలైంది. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూసి, ప్రార్థనేమో అనుకుని తలపాగా తీశాడు.

ఆపా వాకిట్లోనే నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. అది చూసే నేను అనుమానించి ఉండాల్సింది.

"రాండి రాండి. ముందు మిద్దె మీదికి రాండి. మీకొకటి చూపిస్తా" అంది.

గంజిసారు పాడుకుంటూనే మెట్లెక్కాడు. పై మెట్టు దగ్గర పాట ఆగిపోయింది.

మిద్దె మీద ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, రీళ్ళకు చుట్టి వచ్చే ప్లాస్టిక్ కవర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద పెద్ద పెద్ద రేకులు. ఎండకు మెరుస్తున్నాయి. అంచులు లేచి వంకర తిరిగాయి. గాలికి ఎగరకుండా శిల్పుల దగ్గర ఏరుకొచ్చిన రాతి పెచ్చులు మూలల మీద పెట్టారు. మన ప్రాంతంలో ఎండాకాలం మిద్దెలన్నీ ఇలాగే ఉంటాయి, వడియాలో మిరపకాయలో ఆరబోసి. ఇది మాత్రం వడియం కాదు.

"ఏందిది ఆపా?" అన్నాను.

"మీ గంజే! నీళ్ళన్నీ ఎండగొట్టేసినా. డ్రమ్ములు డ్రమ్ములు మోసుకొచ్చినారు గదా, ఇప్పుడు చూడు, రెండు సంచుల్లో పడుతుంది. తడిగుంటే బూజు పడుతుందని మీ సారే ఫోన్లో చెప్పినాడు. బూజు పట్టేదాన్ని ఏం చేస్తాం మనం? ఎండబెడతాం. రేపు నీళ్ళలో యేస్తే మళ్ళా గంజి అయితుంది. వడియం నూనెలో యేస్తే పొంగల్యా?"

"పొంగదు" అన్నాడు గంజిసారు.

ఆ ఒక్క మాటతో ఆమె మొహంలో వెలుగు సగం పోయింది. ఎందుకు పొంగదో నేను చెప్పాను. నీళ్ళు ఉన్నంతసేపూ ఆ సన్నటి ఈనెలు విడివిడిగా తేలుతుంటాయి. నీళ్ళు పోతున్నకొద్దీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఒకసారి కరుచుకున్నాయంటే మళ్ళీ మధ్యలోకి నీటిబొట్టును కూడా రానివ్వవు. ఆ రేకు అంత గట్టిగా ఉండేదీ అందుకే, మళ్ళీ గంజి కానిదీ అందుకే. ఆపా నమ్మలేదు. బక్కెట్టులో నీళ్ళు తెప్పించి రేకు ముక్కలు వేసింది. కట్టెతో తిప్పింది. కొంచెం మెత్తబడి తోలు ముక్కల్లా అడుగున పడుకున్నాయి. ఇంట్లోంచి మిక్సీ తెప్పించింది. మిక్సీ కాసేపు అరిచి, కాలిన వాసన వేసి ఊరుకుంది.

అప్పుడు ఆమె చెయ్యాల్సిన పనే చేసింది. మామీదికి వచ్చింది.

"ఎండబెట్టొద్దని ఒక్క మాట చెప్పల్యా మీరు? ఇంత చదువుకున్నోళ్ళు!"

"ఎవరన్నా ఎండబెడతారని కలగన్నామా?" అన్నాను. "జిగురు డబ్బా కొంటే దాన్నీ ఎండబెడతావా?"

"జిగురు అని చెప్పినారా? గంజి గంజి అన్నారు. గంజికి మాకు తెలిసిన మర్యాద ఇదే."

పేరు పెట్టింది నేనే. అయినా అరిచాను. ఆమె అరిచింది. పక్క కొట్లలో ఉలి శబ్దాలు ఆగాయి, శిల్పులు పైకి చూస్తున్నారు. ఇంతలో గంజిసారు ఏం చేస్తున్నాడా అని చూస్తే, పిట్టగోడ మీద కూర్చుని ఒక రేకును రెండు చేతులా ఎండకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దాని నీడ ఆయన మొహం మీద నీళ్ళలాగా కదులుతోంది.

"మేడమ్, ఇంత పెద్ద రేకు నేను జన్మలో తీయలేదు" అన్నాడు. "మన మిద్దెలూ ఉన్నాయి, మన ఎండా ఉంది. మనకు ఈ బుద్ధి పుట్టలేదు చూడు."

"యంత్రం పాత ఇనుముకు పోబోతుంటే రేకు చూసి మురుస్తున్నారా సార్?"

"పోయేది పోతుంది. చూసేదన్నా చూడనీ."

ఆ రేకు మధ్యలో ఒక అరచెయ్యి గుర్తు ఉంది, ఐదు వేళ్ళతో సహా. వడియాలు ఎండాయా లేదా అని మనం చెయ్యి ఆనించి చూడమా, అలా చూసింది ఆపా. సగం ఆరిన రేకు ఆ చేతిని అట్లాగే దాచుకుంది. నాకు ఆ క్షణంలో ఆయన మీద వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన మీద అంత గౌరవమూ ఎప్పుడూ కలగలేదు. తన పని మొత్తం నాశనమై ఎదురుగా పడి ఉంటే, అందులో కూడా కొత్తగా ఏముందో చూడగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కిందికి దిగాక తెలిసింది, మెట్ల కింద ఒక్క డ్రమ్ము మిగిలిందని. పైకి మోసే ఆడవాళ్ళు ఇంక మా వల్ల కాదాపా అని చతికిలబడ్డారట. వాళ్ళ బద్ధకానికి దండం పెట్టాలి. ఆ డ్రమ్ముతో కొన్ని పెట్టెలైతే అవుతాయి. ఆపా గొంతు తగ్గించి ఇంకో దారి కూడా చెప్పింది: పక్కన మామూలు పెట్టెలు కూడా పెడదాం, వాటికి లోపల ఒక పొర ఎక్కువేసి, షావుకారుకు యాడ తెలుస్తుంది అని. తప్పు చేశానన్న బాధలో ఆ మాట వచ్చింది, దుర్బుద్ధితో కాదు. నేను నోరు తెరిచేలోపే గంజిసారు చెప్పాడు: "వద్దమ్మా. ఉన్నవెన్నో అన్నే చూపిద్దాం."

ఆ మధ్యాహ్నమంతా ఆయన చొక్కా చేతులు మడిచి పూత పూయడం చూశాను. ఆపా పక్కనే నిలబడి, అతికించే ఆడవాళ్ళను తిడుతూ, మధ్యమధ్యలో ఆయనకు మజ్జిగ ఇస్తూ ఉంది. నాకే ఏమీ తోచక శిల్పుల కొట్లో కూర్చుని సగం చెక్కిన నంది ఎదురుగా టీ తాగాను.

మరుసటి రోజు షావుకారు వచ్చాడు. భారీ మనిషి. జీపులోంచి ఆయన దిగగానే జీపు ఊపిరి పీల్చుకుని పైకి లేచింది. నేను ల్యాబు కాగితాలు తీయబోతే చేత్తో ఆపాడు.

"నీ లెక్కలు నాకొద్దమ్మా. నా లెక్క నా కాడుంది."

ఆయన లెక్క మండీ అంతటికీ తెలిసిందే. పెట్టె నిండా పచ్చికాయలు సర్దిస్తాడు. దాని చుట్టూ తడి గోనెసంచులు కప్పిస్తాడు. ఎండలో లారీ పోతుంటే లోపల కాయకు చెమట పడుతుందట, ఆ తడికి అట్ట మెత్తబడుతుందట, ఆ తర్వాత పైవరసల బరువంతా కాయ మీదే. అందుకని సంచులు తీసేసి, ఆ పెట్టె మీద తానే కూర్చుంటాడు. లారీలో పైన ఎన్ని పెట్టెలున్నా తనంత బరువుండవని ఆయన నమ్మకం. నేను కాదనలేదు.

సంచులు తడిపి కప్పాక, అందరం బొరుగుల ఉగ్గాని తిని వచ్చేదాకా వాటిని వదిలేశాం. ముందు పాత పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చునేలోపే ఒక పక్కకు ఒరిగింది. పచ్చిమామిడి పులుపు వాసన గుప్పుమంది. లేచి, ప్యాంటు దులుపుకుని, ఆపా వైపు చూశాడు. ఆమె చూపు తిప్పేసింది.

తర్వాత మాది. మెల్లగా కూర్చున్నాడు. పెట్టె కిర్రుమంది. ఒక మూల కొంచెం ఉబ్బింది, అక్కడే ఆగింది. టీ తెమ్మన్నాడు. టీ వచ్చేలోపల ఎవరికో ఫోన్ చేసి తోటల బేరం మాట్లాడాడు. ఫోన్లో కోప్పడి ముందుకూ వెనక్కూ ఊగాడు. నేను ఆ మూలనే చూస్తున్నాను. గంజిసారు అటు చూడనేలేదు. గుమ్మం దగ్గర నిలబడి నల్లమల కొండల వైపు తిరిగి, పెదాలు మాత్రం కదుపుతున్నాడు. టీ అయింది. షావుకారు లేచాడు. పెట్టె తెరిచి అడుగు వరస నుంచి ఒక కాయ తీసి, నొక్కి, వాసన చూసి ఆపా చేతిలో పెట్టాడు.

"ఈ సీజనుకు ఎన్నిస్తారు?"

ఇదిగో, ఇన్నేళ్ళుగా ఆయన యంత్రం ఎదురుచూసిన ప్రశ్న. మేనేజరు అడిగిన ఆ ఒక్క మనిషి మా ఎదురుగా నిలబడి ఉన్నాడు. గంజిసారు వెనక్కి తిరిగి చెప్పాడు: "ఇప్పుడు ఒక్కటి కూడా ఇయ్యలేమప్పా. సరుకంతా అయిపోయింది."

"నేనే మిద్దెక్కించి ఎండబెట్టినా" అంది ఆపా.

షావుకారుకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే పని నేనూ ఆపా ఒకేసారి మొదలుపెట్టాం. రెండో వాక్యానికే అది పోట్లాటగా మారింది. మళ్ళీ తయారుచేసి పంపుతామంటాను నేను. మళ్ళీ డ్రమ్ములు, మళ్ళీ టెంపో, మళ్ళీ నీళ్ళకు బాడుగ అంటుంది ఆమె. నీళ్ళు లేకుండా అది బతకదు, నిన్న చూశావు కదా అంటాను నేను. షావుకారు ఇటు చూసి, అటు చూసి, ఈ పంచాయితీ ఇప్పట్లో తేలేది కాదనుకున్నాడేమో, మళ్ళీ ఆ పెట్టె మీదే కూర్చున్నాడు.

"ఏం చెప్పినా సరే, నంద్యాల నీళ్ళకు నేను బాడుగ కట్టను" అంది ఆపా. "మా బోరులో నీళ్ళు ల్యావా?"

నాకు విసుగు ముదిరింది. "అయితే ఆ యంత్రాన్నే తెచ్చుకుని మీ బోరు కింద పెట్టుకో. పీడ పోతుంది. నీకూ మాకూ."

ఎత్తిపొడుపుగా అన్న మాట అది. ఎదుటి మనిషి నోరు మూయించడానికి నేను రోజుకు పది అంటాను అట్లాంటివి. ఆపా నోరు మూసింది నిజంగానే. షెడ్డు వెనక మూలకు చూసింది. పాత అట్టలు, విరిగిన బల్లలు పడేసిన జాగా అది. గంజిసారు కూడా అటే చూస్తున్నాడు.

"దానికి ఎంత జాగా కావల్ల?" అని అడిగింది ఆయన్ని.

పిల్లలూ, ఇందులో తెలివి ఎవరిదని నన్నడగకండి. ఎండిన గుజ్జు అట్టలను ఎంత దూరమైనా పంపొచ్చు. అవి మళ్ళీ నీళ్ళలో నానతాయి. ఎండకూడనిది వాటిని చీల్చాక వచ్చే గంజి ఒక్కటే. కాబట్టి చీల్చే పనేదో పెట్టె చేసే చోటే చేస్తే మోసుకొచ్చే నీళ్ళే ఉండవు. ఇంత చిన్న సంగతి మా ఇద్దరు ఎమ్మెస్సీలకు ఆ మిద్దె చూసేదాకా తట్టలేదు. యంత్రమంటే మిల్లులో ఉండేదని మా బుర్రల్లో బోల్టులు బిగించి ఉన్నాయి.

మేనేజరు ఆనందంగా ఒప్పుకున్నాడు. పాత ఇనుము ధరకే దాన్ని ఆమెకు ఇచ్చి, షెడ్డు ఖాళీ అయిందని మాకందరికీ మైసూర్‌పాక్ పంచాడు. గంజిసారు మాత్రం మురుగు గుంటల దగ్గరికి పోలేదు. రాజీనామా ఇచ్చి యంత్రంతో పాటే టెంపో ఎక్కాడు. విరమణకు ఇంకా కొన్నేళ్ళే ఉన్నాయని, ఈ వయసులో ఇది తిక్కపని అని ల్యాబులో, క్యాంటీన్లో, ఆఖరికి టెంపో పక్కన నిలబడి కూడా ఆయనతో వాదించాను. "గుంటల దగ్గరికి పోతే జీతమొస్తుంది మేడమ్. ఆళ్ళగడ్డకు పోతే పొద్దున్నే లేవబుద్ధవుతుంది" అన్నాడు. ఆయన సంచీని నేనే పైకి అందించాను.

అంతా సాఫీగా సాగిందని అనుకోకండి. మొదటి గంజి ముద్దలు ముద్దలుగా వచ్చింది. నీళ్ళు పరీక్షించి, మీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ అని చెప్పాను. తన బోరును తిట్టినందుకు ఆపా నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత నీళ్ళ క్యాన్లు నింపే ప్లాంటు ఒకటి సందులోనే ఉంటే దాన్నుంచి గొట్టం వేయించుకుంది. అప్పటికి ఆ సీజను అయిపోయింది. షావుకారు ఆ ఏడు పాత పెట్టెలే తీసుకుని అందర్నీ తిట్టాడు, కానీ వేరేచోటికి పోలేదు. మరుసటి ఏడు నుంచి ఆయన కాయలు ఈ పెట్టెల్లోనే పోతున్నాయి. పెట్టెలో ఒక పొర తగ్గింది. ఆ మేరకు కాగితం మిగిలింది, బరువు తగ్గింది. చీనీకాయల వాళ్ళు, అదే బత్తాయిల వాళ్ళు కూడా అడుగుతున్నారట.

దీంతో లోకం మారిపోయిందా అంటే, లేదు. ప్లాస్టిక్ పోలేదు. కరెంటు ఖర్చు తగ్గలేదు. ఇది రేపటి పదార్థమని, చెట్టు లోపల ఉక్కు ఉందని పేపర్లలో రాస్తుంటారు. నిజమే, నా పళ్ళతో పరీక్షించాను. అయితే రేపటికి కూడా ఎవరో ఒకరు బాడుగ కట్టాలి. అది ఎవరు కట్టాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి కట్టాలి అని గొంతు చించుకుని పోట్లాడే మనుషులు దొరికితేనే వస్తువు ల్యాబు దాటుతుంది. మీరు రేపు ఏ ల్యాబులోనో కూర్చుంటారు. మీ వస్తువును మెచ్చుకునేవాళ్ళతో టీ తాగండి, మంచిదే. బాడుగ కట్టనని మొండికేసేవాళ్ళతో మాత్రం భోజనం చెయ్యండి.

మొన్న చాగలమర్రిలో పెళ్ళికి పోతూ ఆళ్ళగడ్డలో దిగాను. షెడ్డు వీధి తలుపుకు అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట ఆనాటి రేకు బిగించారు, అరచెయ్యి గుర్తున్నది. ఎండ దాని మీద పడితే ఐదు వేళ్ళూ తేలి కనిపిస్తాయి. నేనున్నప్పుడే హైదరాబాదు నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు. కుర్రవాడు, మెడలో కంపెనీ కార్డు పట్టీ. ఆ చెయ్యి చూసి, ఇది మీ కంపెనీ గుర్తా అని అడిగాడు.

"కాదప్పా, నా చెయ్యి" అంది ఆపా. "ఎండిందా లేదా అని చూసినా."

"ఎండిందా?"

"ఎండింది. అదే గదా వచ్చిన తంటా."

అతనికి ఏమీ అర్థం కాలేదు. వచ్చినవాళ్ళందరూ చేసే పనే అతనూ చేశాడు. రేకు అంచు కొంచెం లేచి ఉన్నచోట రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. లోపల యంత్రం రొద మీదుగా శ్రుతి లేని పాట వినిపిస్తోంది. ఆపా నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. అతను రెండో చెయ్యి కూడా వేశాడు.